లైబ్రరీ కాదు... సంబంధం చూస్తున్నాం!

రెండు కంప్యూటర్లను ఒకదానితో ఒకటి మాట్లాడించడమే నా ఉద్యోగం. ఒకటి మా వైపు ఉంటుంది. రెండోది ఏ ఇన్సూరెన్స్ కంపెనీలోనో, ఏ బ్యాంకులోనో ఉంటుంది. హైదరాబాద్‌లో మాదో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. రూబీ భాషలో, రెయిల్స్ మీద.

ఇది వినగానే చాలామంది 'ఓహో, కోడింగా' అని ఊరుకుంటారు. కానీ మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయిన రోజు గుర్తుందా? డాక్టర్ పొద్దున్నే 'ఇంటికి వెళ్లొచ్చు' అంటారు. సంచులు సర్దేస్తాం. ఆ తర్వాత 'ఇన్సూరెన్స్ అప్రూవల్ రావాలండీ' అన్న ఒక్కమాట దగ్గర అందరం కూలబడతాం. చాలాసార్లు ఆ ఫైలు ఆగేది మనిషి దగ్గరే. కొన్నిసార్లు మాత్రం రెండు కంప్యూటర్ల మధ్య ఆగుతుంది. అక్కడే మా పని.

ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ఈ నిరీక్షణకు ఒక హద్దు పెట్టింది. క్యాష్‌లెస్ చికిత్సకు అనుమతి గంటలోపు చెప్పాలి. డిశ్చార్జ్ రోజున తుది అనుమతి 3 గంటల్లోపు ఇవ్వాలి. అంటే మా కోడ్ తీసుకునే ప్రతి నిమిషమూ ఇప్పుడు లెక్కలోకి వస్తుంది. ఆ నిమిషాలు ఎక్కడ పోతాయన్నది మేం ఎంచుకునే లైబ్రరీ మీద, దాన్ని వాడే తీరు మీద ఆధారపడి ఉంటుంది.

లైబ్రరీ అంటే పుస్తకాలుండే చోటు కాదు లెండి. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌లో ఏదైనా అడిగి సమాధానం తెచ్చుకునే ఏర్పాటు పేరు వెబ్ సర్వీస్. అలా అడగడానికి కావలసిన కోడ్‌ని ముందే ఎవరో రాసి అందరికీ ఇచ్చేస్తారు. అదే లైబ్రరీ. రూబీ అంటే కెంపు కదా, అందుకే రూబీ వాళ్లు దాన్ని ముద్దుగా 'జెమ్' అంటారు. ఇలాంటి జెమ్‌లు బోలెడున్నాయి. ఏది తీసుకోవాలి? ఈ ప్రశ్నకి మా ఆఫీసులో కనీసం నాలుగు కప్పుల టీ ఖర్చవుతుంది. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటే. బాగున్న రోజున అన్ని జెమ్‌లూ బాగానే ఉంటాయి. చెడ్డరోజున ఏది ఎలా ప్రవర్తిస్తుందో చూసి తీసుకోవాలి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు పెద్దవాళ్లు ఫొటో ఒక్కటే చూసి ఊరుకోరుగా! ఇదీ అంతే.

అవతలి వాళ్ల భాష ఏంటి?

సంబంధంలో మొదటి ప్రశ్న 'వాళ్లదే ఊరు?' అని. ఇక్కడ మొదటి ప్రశ్న 'వాళ్లు ఏ భాష మాట్లాడతారు?' అని.

ఈరోజు కాలేజీ నుంచి వచ్చే పిల్లలకి తెలిసింది రెస్ట్, జేసన్. ఏదైనా సమాచారం కావాలంటే ఒక వెబ్ అడ్రస్‌ని అడిగితే చాలు, చిన్నగా, చదవడానికి వీలుగా సమాధానం వస్తుంది. రెస్ట్ అన్న ఆలోచనని రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో వివరించాడు. కానీ పెద్ద కంపెనీల పాత సర్వర్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది 'సోప్'. పేరు సబ్బే గానీ జారిపోయే రకం కాదు, మహా పట్టుదల మనిషి. ప్రతి మాటనీ ఎక్స్ఎంఎల్ అనే కవరులో పెట్టి, పైన చిరునామా రాసి, సంతకం చేసి పంపాలి. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో చెప్పే ఒప్పంద పత్రం కూడా ఉంటుంది. దాని పేరు డబ్ల్యూఎస్‌డీఎల్. వరుస తప్పితే 'నాకర్థం కాలేదు' అని తిప్పి పంపేస్తుంది.

కొత్తవాళ్లకి సోప్ అంటే చిన్నచూపు. 'ఇంకా ఇదేంటన్నా, వాళ్లని జేసన్‌కి మారమని చెప్దాం' అంటాడు మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు. చెప్పొచ్చు. కానీ దేశమంతా వేల ఆసుపత్రులు వాడుతున్న సర్వీస్‌ని మన కోసం ఎవరూ మార్చరు. పెద్ద కంపెనీతో కలిసి పనిచేయడమంటే అత్తారింటి భాష మనమే నేర్చుకోవడం. మనం ఎంచుకోగలిగేది దుభాషిని మాత్రమే.

రూబీలో ఆ దుభాషి పేరు సావన్. ఫ్రెంచ్‌లో ఆ మాటకి సబ్బు అనే అర్థం. దాని వెనకున్న చిన్న జెమ్‌ల పేర్లు నోరి, వసాబి... జపాన్ వంటింటి పేర్లు! రూబీ పుట్టిల్లు జపానే కదా. ఎక్స్ఎంఎల్‌ని కోసి చదివే జెమ్ పేరు నోకోగిరి, అంటే జపనీస్‌లో రంపం.

అవతల ఉన్నది రెస్ట్ అయితే ఎంపిక ఇంకా పెద్దది. రూబీతోపాటే వచ్చే నెట్-హెచ్‌టీటీపీ ఉంది. రెండు లైన్లలో పని కానిచ్చే హెచ్‌టీటీపార్టీ ఉంది. ఒకరోజు పనికి, చిన్న స్క్రిప్ట్‌కి అది హాయిగా ఉంటుంది. ఫారడే అని ఇంకోటి ఉంది. వెళ్లే మాటకీ వచ్చే మాటకీ మధ్యలో మనకి కావలసిన పొరలు పెట్టుకోవచ్చు. ఒక పొర లాగిన్ చూసుకుంటుంది, ఇంకోటి లాగ్ రాస్తుంది, మరోటి మళ్లీ ప్రయత్నిస్తుంది. అసలు ఫోన్ చేసే ఇంజన్‌ని కూడా తర్వాత మార్చుకోవచ్చు. ఏళ్లతరబడి నడవాల్సిన పనికి మేం దీనివైపే మొగ్గుతాం.

ఐదు కౌంటర్లూ ఫోన్ పట్టుకుంటే...

రెండేళ్ల కిందట ఒక ఆసుపత్రి తమ పాత సాఫ్ట్‌వేర్‌ని మాకు అప్పగించింది. అంతకుముందు ఇంకెవరో రాసిన కోడ్ అది. మేం చేతిలోకి తీసుకున్న వారానికే ఒక సోమవారం మధ్యాహ్నం బిల్లింగ్ మేడమ్ నుంచి ఫోన్.

'సార్, స్క్రీన్ తిరుగుతానే ఉంది. డిశ్చార్జ్ వాళ్లే కాదు, ఓపీ చీటీ కూడా రావట్లే. లైను గేటు దాకా పోయింది.'

ఓపీ చీటీకీ ఇన్సూరెన్స్‌కీ సంబంధమే లేదు. మరి అది ఎందుకాగింది?

సంగతి ఇదీ. ఆ యాప్ నడిచే సర్వర్‌లో ఒకేసారి పని చేయగలిగిన థ్రెడ్లు 5. అంటే ఆసుపత్రిలో 5 కౌంటర్లున్నట్టు. ఆరోజు ఇన్సూరెన్స్ కంపెనీ సర్వర్ నెమ్మదించింది. ఒక కౌంటర్ వాళ్లకి ఫోన్ చేసి 'హోల్డ్‌లో ఉండండి' అనిపించుకుంది. రెండోదీ అంతే. కాసేపటికి ఐదుగురూ చెవి దగ్గర ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా ఓపీ చీటీ అడిగేవాళ్లున్నా తలెత్తి చూసే నాథుడు లేడు.

ఎంతసేపు పట్టుకుంటారు? అక్కడే ఉంది కిటుకు. రూబీ నెట్-హెచ్‌టీటీపీలో సమాధానం కోసం ఎదురుచూసే సమయం, మనం ఏమీ చెప్పకపోతే, 60 సెకన్లు. ఒకే ఒక్క ఫోన్‌కి నిమిషం! పైగా సమాచారం తెచ్చుకోవడానికి మాత్రమే పంపే అభ్యర్థనలైతే విఫలమైనప్పుడు అదే ఇంకోసారి కూడా ప్రయత్నిస్తుంది. అంటే నిమిషం కాస్తా రెండవుతుంది. ఆ కోడ్‌లో ఎక్కడా టైమౌట్ రాసి లేదు. వెబ్‌లో నిమిషమంటే యుగం. మీరు మీ ఫోన్‌లో ఒక పేజీ కోసం 10 సెకన్లు ఆగుతారా?

ఆరోజు నుంచి ఏ జెమ్ చూసినా నా మొదటి పరీక్ష ఇదే. కనెక్షన్ దొరకడానికి ఎంతసేపు, సమాధానం రావడానికి ఎంతసేపు, ఈ రెండూ విడివిడిగా పెట్టే వీలుందా? సావన్‌లో ఉంది, ఫారడేలో ఉంది, హెచ్‌టీటీపార్టీలోనూ ఉంది. కానీ ఉండటం వేరు, పెట్టడం వేరు. అందుకని టైమౌట్ లేని కోడ్‌ని మా దగ్గర రివ్యూలో ఆపేస్తాం. ఇంకో పని కూడా చేశాం. ఇన్సూరెన్స్‌కి చేసే ఫోన్లన్నీ కౌంటర్ దగ్గర్నుంచి తీసేసి వెనక గదికి పంపాం. ఆ పనులకి సైడ్‌కిక్ అనే జెమ్ వాడాం. ఇన్సూరెన్స్ వాళ్లు ఎంత నెమ్మదించినా ఓపీ లైను మాత్రం కదులుతూనే ఉంటుంది.

'డబ్బు కట్ అయింది, అవతల చేరలేదు'

యూపీఐలో ఎప్పుడో ఒకసారి మీకూ అయ్యే ఉంటుంది. పే నొక్కారు. చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగిపోయింది. వెళ్లిందా? వెళ్లలేదా? మళ్లీ కొడితే రెండుసార్లు పోతుందేమో అని భయం. కొట్టకపోతే షాపు అన్న మొహం వైపు చూడలేం.

మా కోడ్‌ది కూడా సరిగ్గా ఇదే ఇరకాటం. క్లెయిమ్ పంపాం, సమాధానం రాలేదు. క్లెయిమ్ చేరలేదా, చేరి సమాధానం దారిలో తప్పిపోయిందా? టైమౌట్ అనేది 'కాలేదు' అనే జవాబు కాదు. 'తెలీదు' అనే జవాబు. ఈ తేడా తెలియకుండా మళ్లీ పంపితే ఒకే ఆపరేషన్‌కి రెండు క్లెయిములు నమోదవుతాయి. అవతల సిస్టమ్ అనుమానపడి రెండింటినీ పక్కన పెడుతుంది. అప్పుడు మంచం మీదున్న మనిషికి 3 గంటలు కాదు, రోజు గడిచినా తేలదు.

అందుకే రెండో పరీక్ష. ఈ జెమ్ తనంతట తాను మళ్లీ ప్రయత్నిస్తుందా? ఏ సందర్భంలో? ఫారడేకి మళ్లీ ప్రయత్నించే పొర విడి జెమ్‌గా దొరుకుతుంది. అది మామూలుగా పోస్ట్ అభ్యర్థనల జోలికి పోదు. మంచి సంస్కారం! మనం కోరి చెబితేనే చేస్తుంది. కానీ సైడ్‌కిక్ అలా కాదు. విఫలమైన పనిని ఏమీ చెప్పకపోతే 25 సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈమెయిల్ పంపే పనికి అది వరం. క్లెయిమ్ పంపే పనికి ఆలోచించుకోవాలి. వీటన్నిటి పైన, కంగారులో బటన్‌ని మూడుసార్లు నొక్కే మనిషి కూడా ఉంటాడు.

మా మార్గం చాలా సాదా. ప్రతి క్లెయిమ్‌కీ మా వైపే ఒక నంబర్ వేసి, పంపకముందే డేటాబేస్‌లో రాసుకుంటాం. సమాధానం రాకపోతే మళ్లీ పంపం. ముందు 'ఈ నంబర్ మీ దగ్గరకి వచ్చిందా?' అని అడుగుతాం. లేదంటేనే పంపుతాం. ఇది ఏ జెమ్‌లోనూ రెడీమేడ్‌గా రాదు. కానీ జెమ్ మనకి అడ్డు రాకుండా ఉండాలి కదా.

సంచిలో ఒకే కాయ ఉంటే

'రెండు పిలుపులకి సావన్ ఎందుకన్నా? ఎక్స్ఎంఎల్ నేనే స్ట్రింగ్‌లో రాసేస్తా, రెండ్రోజుల పని' అన్నాడు తమ్ముడు. ఆ మాటలో న్యాయం ఉంది. ఒకటో రెండో పిలుపులుంటే, భద్రతా నియమాలు తేలికైతే, అసలు సోప్ జెమ్ లేకుండానే చేయొచ్చు. తక్కువ జెమ్‌లుంటే తక్కువ తలనొప్పి.

అందుకని ఇద్దరం కూర్చుని నిజం డేటాతో పరీక్ష పెట్టాం. పేషెంట్ పనిచేసే షాపు పేరులో '& సన్స్' అని ఉంది. మన ఊళ్లలో ఎన్ని బోర్డులు అలా ఉండవు! ఎక్స్ఎంఎల్‌లో ఆ '&' గుర్తుకి ప్రత్యేక అర్థం ఉంది. స్ట్రింగ్‌లో ఉన్నదున్నట్టు పెడితే మొత్తం ఉత్తరమే చెల్లదు. సావన్ దాన్ని తనే సర్దుకుంది. పైగా మా ఇన్సూరెన్స్ సర్వీస్‌కి పాస్‌వర్డ్‌ని నేరుగా కాకుండా డైజెస్ట్ పద్ధతిలో మార్చి పంపాలి. సావన్‌లో అది ఒక్క సెట్టింగ్. అక్కడితో తమ్ముడే 'సావన్ పెడదాంలే అన్నా' అన్నాడు.

అలాగని సావన్ గుణగణాలన్నీ మంచివే అనుకోకండి. సమాధానంలో బిల్లుల జాబితా వస్తుందనుకోండి. రెండు బిల్లులుంటే జాబితాగా ఇస్తుంది. ఒకటే ఉంటే జాబితా తీసేసి బిల్లు మాత్రమే ఇస్తుంది. రెండు మామిడికాయలుంటే సంచితో ఇచ్చి, ఒకటే ఉంటే సంచి దాచుకుని కాయ చేతిలో పెట్టే కొట్టువాడిలాగ. సంచి కోసం చెయ్యి చాపిన మన కోడ్ అక్కడ తడబడుతుంది. టెస్టుల్లో ఎప్పుడూ రెండు మూడు బిల్లులే రాస్తాం కాబట్టి ఇది దొరకదు. ఒకే బిల్లుతో వచ్చిన మొదటి పేషెంట్ దగ్గర బయటపడుతుంది. అందుకే జెమ్ ఏదైనా, ఏమీ లేనిది, ఒకటున్నది, ఎక్కువున్నది... ఈ మూడు రకాల సమాధానాలూ ముందే పెట్టి చూడాలి.

ఇంకో చిన్న విషయం. గొడవ వచ్చినప్పుడు అవతలి కంపెనీ అడిగే మొదటి మాట, 'మీరు పంపింది చూపించండి' అని. కాబట్టి జెమ్ లాగ్ రాయాలి. కానీ ఆ లాగ్‌లో పాస్‌వర్డ్, పాలసీ నంబర్, రోగం పేరు బయటపడకూడదు. సావన్‌లో ఫిల్టర్లు ఉన్నాయి. ఏ వివరాలు దాచాలో చెబితే వాటిమీద చుక్కలు పెట్టేస్తుంది. ఒకరి జబ్బు వివరాలు మా లాగ్ ఫైల్లో ఎవరికీ కనబడనక్కర్లేదు.

ఇటు ఏడు తరాలు, అటు ఏడు తరాలు

ఇక వంశం సంగతి. ఒకప్పుడు రూబీతోపాటే సోప్4ఆర్ అనే లైబ్రరీ వచ్చేది. 1.9 నాటికి రూబీ దాన్ని తీసేసింది. రెయిల్స్‌లో యాక్షన్ వెబ్ సర్వీస్ ఉండేది. 2007 చివర్లో వచ్చిన రెయిల్స్ 2.0 దాన్ని పక్కనపెట్టి రెస్ట్ వైపు నడిచింది. ఇంట్లో పెద్దకొడుకు అనుకున్నవాళ్లకే ఇలాగైంది. వాళ్లమీద ఆధారపడిన కంపెనీల సోప్ సర్వర్లు మాత్రం అలాగే ఉన్నాయి. కాబట్టి 'అందరూ వాడుతున్నారు' అన్నది ఈరోజు మాట మాత్రమే.

ఇంకా భయపెట్టే కథ రెస్ట్-క్లయింట్‌ది. చాలా ప్రసిద్ధమైన జెమ్. 2019 ఆగస్టులో దాని నిర్వాహకుల్లో ఒకరి ఖాతా దుండగుల చేతికి చిక్కింది. 1.6 వరుసలో హానికరమైన కోడ్ ఉన్న కొత్త వెర్షన్ బయటికొచ్చింది. చూసి తొలగించారు గానీ, ఆ మధ్యలో కళ్లు మూసుకుని అప్‌డేట్ చేసినవాళ్ల ఇంటికి దొంగ నేరుగా వచ్చినట్టే. 2022 నుంచి బాగా వాడకంలో ఉన్న జెమ్‌ల యజమానులకు రూబీజెమ్స్ రెండంచెల ధృవీకరణ తప్పనిసరి చేసింది.

అందుకని ఏ జెమ్ అయినా తీసుకునేముందు మేం చూసేవి ఇవి: చివరి వెర్షన్ ఎప్పుడొచ్చింది, ఇప్పటి రూబీ మీద దాని టెస్టులు నడుస్తున్నాయా, చూసుకునేవాళ్లు ఒక్కరా, నలుగురా, తనతోపాటు ఇంకెన్ని జెమ్‌లని ఇంట్లోకి తెస్తుంది? పెళ్లికూతురితో పాటు పదిమంది చుట్టాలు మకాం పెడితే ఇల్లు ఎవరిదో తెలీదు కదా! గిట్‌హబ్‌లో నక్షత్రాలు చివరగా చూస్తాం. అవి పెళ్లిఫొటోకి పడే లైకుల్లాంటివి.

గుమ్మం దాటనివ్వొద్దు

ఇన్ని చూసి తెచ్చుకున్నా సరే, ఏ జెమ్‌నీ మేం ఇల్లంతా తిరగనివ్వం. సావన్ అన్న మాట మా కోడ్‌లో ఒకే ఒక్క ఫోల్డర్‌లో కనిపిస్తుంది. మిగతా యాప్ అంతా 'క్లెయిమ్ పంపు', 'క్లెయిమ్ ఏమైంది?' అని మాత్రమే అడుగుతుంది. ఆ మాటని సోప్‌లో పెట్టాలా, జేసన్‌లో పెట్టాలా అన్నది గుమ్మం దగ్గరున్నవాడి పని.

దీనికి రెండ్రోజులు ఎక్కువ పట్టింది. 'ఎందుకింత పొర?' అని మా మేనేజర్ గారు అడిగారు. మొన్న వేసవిలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ తమ సర్వీస్‌ని రెస్ట్‌కి మార్చేసి, పాతది ఫలానా తేదీన ఆపేస్తామని మెయిల్ పెట్టింది. మేం ఆ ఒక్క కంపెనీ ఫోల్డర్‌లో సావన్ బదులు ఫారడే పెట్టాం. వారం రోజులు టెస్టులు నడిపాం. ఒక రాత్రి మార్చేశాం. మర్నాడు బిల్లింగ్ మేడమ్‌కి ఏం మారిందో తెలియను కూడా తెలీదు. ఆ తర్వాత మేనేజర్ గారు పొర గురించి మళ్లీ అడగలేదు.

ముందు ముందు ఇలాంటి మార్పులు ఇంకా ఉంటాయి. క్లెయిములన్నీ ఒకే దారిలో నడవాలని కేంద్రం తెస్తున్న ఎన్‌హెచ్‌సీఎక్స్ వేదిక ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే ప్రమాణం మీద నిర్మించింది. సోప్ నేర్చుకున్న మేం రేపు అది కూడా నేర్చుకుంటాం. భాషలు మారుతుంటాయి. ఎంతసేపు ఆగాలి, మళ్లీ ఎప్పుడు అడగాలి, ఏది దాచాలి, ఎవరిని నమ్మాలి అన్న నాలుగు ప్రశ్నలు మాత్రం మారవు.

మీలో ఎవరైనా ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరి, మొదటిసారి ఇలాంటి పని చేతిలోకి తీసుకుంటుంటే ఒక్క చిన్న పరీక్ష పెట్టుకోండి. నచ్చిన జెమ్‌తో కోడ్ రాశాక, అవతలి సర్వర్ బదులు ఎప్పటికీ సమాధానం ఇవ్వని ఒక ఉత్తుత్తి సర్వర్‌ని మీ కంప్యూటర్‌లోనే పెట్టండి. రూబీలో నాలుగైదు లైన్లు చాలు. ఇప్పుడు మీ యాప్‌ని దానికి ఫోన్ చేయమనండి. చేతిలో గడియారం పట్టుకుని చూడండి. ఎంతసేపటికి తేరుకుంది? ఆలోగా మిగతా పేజీలు తెరుచుకున్నాయా? అప్పటిదాకా లైన్లో నిలబడ్డ మనిషికి స్క్రీన్ మీద ఏం కనిపించింది? ఆ జవాబులు నచ్చితే, ఆ సంబంధం ఖాయం చేసుకోవచ్చు.